ఇస్త్రీ కొట్టు వెనకగదిలో కరెంటు

ఆ ఇస్త్రీ కొట్టు వెనకగదికున్నంత చెడ్డపేరు ఆ వీధిలో కరిచే కుక్కకి కూడా లేదు.

ఆరేళ్ళుగా షట్టరు దించే ఉంది. మెయిన్ స్విచ్ ఆపేసే ఉంది. అయినా చీకటి పడితే చాలు, వెనకగదిలో బల్బు... వెలిగీ వెలగనట్టు... గుడ్డిగా మినుకుతూనే ఉంటుంది. రంగులేయడానికొచ్చిన పెయింటరు ఒకడు ఇస్త్రీ బల్ల పైనున్న వైరుని పక్కకి జరపబోయి, నిచ్చెన మీంచి ఎగిరి అవతల పడ్డాడు. చెయ్యి విరిగింది. “ఎవరో చెంప ఛెళ్ళుమనిపించారు” అని ఆస్పత్రి మంచం మీద ఒట్టేసి చెప్పాడు.

ఎవరో ఏమిటి... ఇస్త్రీ పిన్నే!

ఆ కొట్టు ఆవిడదే. నిజానికి ఆవిడ పోయింది జ్వరంతో, పట్టపగలు, చుట్టూ నలుగురూ ఉండగా. కానీ వీధివాళ్ళకి ఆ చావు బొత్తిగా నచ్చలేదు. రెండేళ్ళు తిరిగేసరికి ఆవిడ షాక్ కొట్టి పోయింది. నాలుగేళ్ళకి, చేతిలో ఇస్త్రీపెట్టెతో పోయింది. ఆరో ఏటికి ఆ పెట్టె పొగలు కక్కుతోంది కూడా.

అలాంటి కొట్టుని ఒకావిడ బేకరీ పెట్టుకుంటానని అద్దెకి తీసుకుంది. ఆవిడకి దెయ్యం గురించి బెంగ లేదు, ఓవెన్ గురించే బెంగ. “పాత వైర్లన్నీ పీకేసి కొత్తవి వెయ్యండి. పగలు నాకు తీరదు, సాయంత్రం ఏడింటికి తాళం తీసిస్తా” అంది ఎలక్ట్రీషియన్‌తో.

అతను సరేనన్నాడు. ఒక్కడే వెళ్ళుంటే ఈ కథ ఇంత ఉండేది కాదు. పిల్లనిచ్చిన మామ కూడా బయల్దేరాడు.

మామ ముప్పై ఏళ్ళు వైరింగ్ చేసి విరమించిన మనిషి. చొక్కా మారుస్తాడు గానీ, జేబులో స్క్రూడ్రైవర్ టెస్టర్ మార్చడు. దానికి పసుపురంగు పిడి, పిడి లోపల బియ్యపుగింజంత బల్బు. అది వెలిగితే కరెంటుంది, వెలక్కపోతే లేదు... మామకి లోకమంతా అంతే. అల్లుడి సంచీలో మూడు రకాల పరికరాలు చూసినప్పుడల్లా, “డాక్టరువా, ఎలక్ట్రీషియన్‌వా?” అని ముక్కు విరుస్తాడు.

షట్టరెత్తారు. బేకరీ ఆవిడ తాళం చేతిలో పెట్టి, “పిండి కలపాలి” అంటూ వెళ్ళిపోయింది.

అల్లుడు మెయిన్ స్విచ్ చూశాడు. ఆపే ఉంది. ఫ్యూజులు పీకి జేబులో వేసుకున్నాడు. ఇద్దరూ టార్చి వేసుకుని వెనకగదిలోకి అడుగు పెట్టారు.

బల్బు... మినుకుతోంది.

“ఫ్యూజులు పీకావుగా?” గుసగుసగా అడిగాడు మామ.

“నా జేబులోనే ఉన్నాయి మామయ్యా.”

“మరి... అది?”

అల్లుడు సంచీ విప్పాడు.

పెన్నులాంటి టెస్టర్ తీశాడు. అది వైరు ముట్టుకోకుండానే పసిగడుతుంది. దగ్గరికి తీసుకెళ్ళాడో లేదో... కీచు కీచుమంది. ఈ వైరు దగ్గర కీచు. ఆ వైరు దగ్గర కీచు. తడి గోడ దగ్గర కూడా కీచు!

“గోడలో కూడా ఉందట్రా ఆవిడ!” మామ గోడకి దూరంగా జరిగాడు.

అల్లుడు దాన్ని ఆపి, డిజిటల్ మీటర్ తీశాడు. బల్బుకెళ్ళే వైరు మీద పెడితే ఎనభై వోల్టులు. మళ్ళీ చూస్తే డెబ్భై. మళ్ళీ ఎనభై మూడు.

“ఇది మనిషి కరెంటు కాదు అల్లుడూ” అన్నాడు మామ. “నా మాట విను. నీ ఆటవస్తువులు లోపల పెట్టు.”

మామ ఇస్త్రీ బల్ల పక్కనున్న చెక్క స్టూలు ఎక్కాడు. కాళ్ళకి రబ్బరు చెప్పులు. జేబులోంచి టెస్టర్ తీసి, బల్ల పైనున్న నల్ల వైరు చివర ఆనించాడు. పెయింటరు జరపబోయిన వైరు అదే. టెస్టర్ వెనక బొటనవేలు పెట్టి, కళ్ళు చికిలించి చూశాడు.

వెలగలేదు.

“చూశావా! చచ్చిన వైరు. కట్ చేసి పారేస్తే పీడా పోతుంది.” కటింగ్ ప్లయర్ అందుకున్నాడు.

“మామయ్యా, ఆగండి!”

“ఏం ఆగేది?”

“ఆ టెస్టర్ బల్బు వెలగాలంటే కరెంటు మీ ఒంట్లోంచి నేలకి పోవాలి. మీరు చెక్క మీద, రబ్బరు చెప్పుల మీద నిలబడ్డారు. ఇంకేం వెలుగుతుంది? అది వెలక్కపోతే కరెంటు లేదని కాదు.”

“ముప్పై ఏళ్ళు నన్ను బతికించిన టెస్టర్ రా ఇది!”

“మీ అదృష్టం బతికించింది మామయ్యా, అది కాదు. ముందు కిందకి దిగండి.”

ఆ మాటకి మామ ముఖం కందగడ్డైంది. దిగలేదు. కానీ ప్లయర్ మాత్రం దించాడు.

అల్లుడు సంచీ అడుగునుంచి మూడోది తీశాడు. రెండు మొనల టెస్టర్. మొనల దగ్గర వేళ్ళు జారకుండా గట్లుంటాయి, చివర ఇంత సూదిమందం లోహం తప్ప అంతా ప్లాస్టిక్కే. పైగా బొత్తాం నొక్కితే వైరుమీద కాస్త బరువేసి, అంటే కాస్త కరెంటు లాగి, చూస్తుంది. ఉత్తుత్తి వోల్టేజీ ఆ బరువుకి నిలవదు.

తిన్నగా వైరు దగ్గరికి పోలేదతను. ముందు మెయిన్ స్విచ్ దగ్గరికెళ్ళి, బేకరీ కోసం కంపెనీవాళ్ళు కొత్తగా ఇచ్చిన లైను వచ్చే వైపు పెట్టి చూశాడు. టెస్టర్ మీది బుల్లి దీపాలన్నీ వెలిగాయి. అంటే పరికరం పనిచేస్తోంది. తిరిగొచ్చి, ఒక మొన ఎర్త్‌కి, రెండోది ఎనభై చూపించిన బల్బు వైరుకి ఆనించి బొత్తాం నొక్కాడు.

బల్బు ఆరిపోయింది. టెస్టర్ మీద సున్నా.

“అమ్మయ్య!” ఊపిరి పీల్చుకున్నాడు అల్లుడు. “దీన్లో సొంతంగా ఏమీ లేదు మామయ్యా. పక్కనే ఏదో లైవ్ వైరు పోతోంది, దాని గాలి సోకి ఈ ఎల్‌ఈడీ బల్బు మినుకుతోంది. అంతే. ఆరేళ్ళుగా వీధంతా భయపడింది దీనికే!”

నవ్వుతూనే రెండో మొన నల్ల వైరుకి ఆనించాడు.

దీపాలన్నీ... కింద నుంచి పై దాకా... భగ్గుమన్నాయి. రెండు వందల ముప్పై.

నవ్వు ఆగిపోయింది.

“నీది పాడైంది” అన్నాడు మామ, మొండిగా. “ఇందాక ఎనభై అన్నావు, తర్వాత సున్నా అన్నావు, ఇప్పుడు రెండొందలంటావు...” ప్లయర్ మళ్ళీ లేచింది. దాని రెండు దవడల మధ్యకి నల్ల వైరు వచ్చింది.

అప్పుడు వినబడింది.

గోడలోంచి. బల్లకి సరిగ్గా పైన. ఊపిరికంటే కాస్త ఎక్కువ, మాటకంటే కాస్త తక్కువ...

“ము...ట్టు...కో...కం...డి...”

ప్లయర్ నేలమీద ఖంగుమంది. మామ స్టూలు దిగడం అల్లుడు చూడలేదు. స్టూలు మీద ఉన్నవాడు, మరుక్షణం వీధిలో ఉన్నాడు. మధ్యలో ఏ దారిన వెళ్ళాడో ఈనాటికీ ఎవరికీ తెలీదు.

అల్లుడికీ పారిపోవాలనే ఉంది. అయినా మొనలు వైరు మీంచి తియ్యకుండానే అడిగాడు.

“ఎ... ఎవరు?”

“...నేనే.”

“నేనే అంటే?”

“పక్కింటివాణ్ణి. గడియారాలు బాగుచేస్తాను... కాస్త మెల్లిగా మాట్లాడు బాబూ. మా ఆవిడ ముందుగదిలోనే ఉంది.”

బల్ల మీది టార్చి వెలుగులో అల్లుడు తలెత్తి చూశాడు. వెంటిలేటరు కంతలో రెండు కళ్ళు, ఒక కళ్ళజోడు.

పెద్దాయన గుసగుసగా కక్కేశాడు. బిల్లు కట్టలేదని పిన్నికి కరెంటు కనెక్షన్ తీసేసిన ఏడు, జాలిపడి తన ఇంట్లోంచి ఆ నల్ల వైరు ఇచ్చాడట. పెళ్ళానికి చెప్పలేదు. పిన్ని పోయాక విప్పాలంటే, వైరు బిగించిన చోటికి అడ్డంగా ఉన్న బీరువా జరపాలి. బీరువా జరపాలంటే పెళ్ళానికి చెప్పాలి. అంతకంటే దెయ్యమే నయమనిపించింది.

“అంటే ఆ దెయ్యం కథ...”

“సగం నేనే పుట్టించాను. దెయ్యమంటే ఎవరూ చెయ్యి పెట్టరు కదా!”

“ఒకడు పెట్టాడు! చెయ్యి విరిగింది. అదృష్టం బాగుండి అంతటితో పోయింది!” భయమంతా కోపమై తన్నుకొచ్చింది అల్లుడికి. “ఇప్పుడు మా మామ పోయేవాడు! పిల్లలు తాతయ్యేడని అడిగితే నేనేం చెప్పాలి? మీ బీరువా సంగతి చెప్పాలా?”

కళ్ళజోడు కిందకి వాలింది.

ఇంతలో అవతల దీపం వెలిగింది. ఆడగొంతు.

“స్టూలెక్కి ఎవరితో గుసగుసలు?”

ఆరేళ్ళకి పైగా దాచింది అర నిమిషంలో బయటపడింది. అల్లుడు చెవులు మూసుకుందామనుకున్నాడు. కానీ అవతల అరుపు వినబడలేదు. నవ్వు వినబడింది.

“పిచ్చి మనిషీ! ఆ వైరు సంగతి నాకు మొదట్నుంచీ తెలుసు. పిన్ని పోయిన నెలలోనే మనిషిని పిలిచి పీకించేశాను. వైరు దూరిన కంత కూడా సిమెంటుతో పూడ్పించేశాను. మీరు ఎప్పుడు నోరు విప్పుతారా అని చూస్తున్నా.”

బీరువా కిర్రుమని జరిగిన చప్పుడైంది. కాసేపటికి వెంటిలేటరులో ఆవిడ చెయ్యి కనబడింది. చేతిలో నల్ల వైరు చుట్ట... రెండు చివరలూ కోసేసి, దుమ్ము పట్టి.

“ఇదిగో బాబూ, మా వైపుది. ఆరేళ్ళుగా మా ఇంటినుంచి అటు ఏమీ రావట్లేదు.”

అల్లుడు తన చేతిలోకి చూసుకున్నాడు. మొనలు ఆనించినవి ఆనించినట్టే ఉన్నాయి. దీపాలన్నీ వెలుగుతూనే ఉన్నాయి.

మెల్లిగా... చాలా మెల్లిగా మొనలు తీశాడు. సంచీ సర్దాడు. వైరుకి వీపు చూపించకుండా వెనక్కి వెనక్కి నడిచి, షట్టరు దించి తాళం వేశాడు.

వీధి దీపం కింద మామ, ఒక కాలికి చెప్పు లేకుండా నిలబడి ఉన్నాడు.

“ఏమైంది? ఉందా, లేదా?”

“ఉంది మామయ్యా” అన్నాడు అల్లుడు. “నిండుగా ఉంది. ఎవరిస్తున్నారో మాత్రం... నన్నడక్కండి.”