చీటీ ఉన్న జేబు

"మా పిల్లల చీటీలేవండీ?"

గుమ్మంలో నిలబడి అడిగిన టీచర్ చేతిలో ఒక చిన్న గౌను ఉంది. దాని జేబులు రెండూ బయటికి తిరగేసి ఉన్నాయి. మిషను మీద వంగి ఉన్న టైలర్ తలెత్తి, ముందు గౌను వైపు, తర్వాత ఆమె మొహం వైపు చూశాడు. ఆ వరసే తప్పని పక్క మిషను దగ్గరున్న వాళ్ళక్క ఆ తర్వాత చాలాసార్లు దెప్పింది.

"ఏ చీటీలండీ?"

"జేబుల్లో ఉండాల్సినవి. అరవై రెండు బట్టలు, అరవై రెండు చీటీలు."

వీధి చివరి స్కూల్లో సరైన బట్టల్లేని పిల్లల కోసం టీచర్ నెల రోజులుగా ఇల్లిల్లూ తిరిగి బట్టలు సేకరించింది. చిరుగులు కుట్టి, గుండీలు వేసి, ఇస్త్రీ చేసిచ్చే పని టైలర్ ఉచితంగా నెత్తికెత్తుకున్నాడు. ఇస్త్రీకి ముందు జేబులు ఖాళీ చెయ్యాలన్నది వాళ్ళ నాన్న నేర్పిన మొదటి పాఠం. పెన్ను సిరా కక్కుతుంది, చాక్లెట్ కరుగుతుంది. అతని చెయ్యి తనంతట తానే జేబులోకి వెళ్ళిపోతుంది.

"పారేశారా?" ఆమె గుమ్మం దాటి లోపలికొచ్చింది.

"జేబులో దొరికిందేదీ పారెయ్యనండీ." బల్ల కింద నుంచి బిస్కెట్ల డబ్బా తీసి మూత తెరిచాడు. నిండా మడతపెట్టిన కాగితాలే.

ఆమె ఊపిరి పీల్చుకుంది. అంతలోనే మొహం మళ్ళీ వాడిపోయింది. "ఏది ఏ బట్టదో ఇప్పుడెలా తెలుస్తుంది? శుక్రవారమే పంచాలి. ఇవాళ బుధవారం."

"ఏదో ఒకటి పెట్టేస్తే..."

ఆమె చూసిన చూపుకి మిగతా మాట మింగేశాడు.

"నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఎవరో ఇచ్చిన కోటు వచ్చింది," స్టూలు మీద కూర్చుంటూ అంది. "వేరేవాళ్ళ బట్ట వేసుకోవాలంటే సిగ్గుతో చచ్చిపోయాను. జేబులో చెయ్యి పెడితే చీటీ దొరికింది. 'ఇది వేసుకుని లెక్కల పరీక్ష గట్టెక్కాను. నువ్వూ గట్టెక్కుతావు' అని రాసుంది. రాసిందెవరో ఇప్పటికీ తెలియదు. నేను మాత్రం లెక్కల టీచర్నయ్యాను. అందుకే ఈ బట్టలిచ్చిన పిల్లలందరి చేతా ఒక్కో చీటీ రాయించాను."

టైలర్ చేతిలో ఉన్న పని పక్కన పెట్టాడు. "ఒక్కోటీ చదవండి. నాకు మనుషుల మొహాలు గుర్తుండవు గానీ చిరుగులు గుర్తుంటాయి."

ఆమె నమ్మకం లేకుండానే ఒకటి విప్పింది. "ఎడమ జేబుకి చిల్లుంది. గోలీలు కుడి జేబులో వేసుకో."

"నీలం నిక్కరు. చిల్లు కుట్టేశాను. ఇక ఎందులోనైనా వేసుకోవచ్చు."

ఆ మాట ఆమె పెన్సిల్‌తో చీటీ అడుగున చేర్చి, ఇంకోటి విప్పింది. "మోచెయ్యి చిరిగిందని మా అమ్మ తిట్టింది. నిన్ను తిట్టరులే."

"ఆకుపచ్చ స్వెటర్. గోడెక్కి దూకినవాడు. సున్నం మరకలు వదిలించేసరికి నా ప్రాణం పోయింది."

టీచర్ మొదటిసారి నవ్వింది. మళ్ళీ పని అందుకున్న టైలర్ వేలికి సూది గుచ్చుకుంది.

"కాస్త బట్ట వైపు కూడా చూస్తూ కుట్టు," అంది అక్క.

గురువారం మధ్యాహ్నం టీచర్ వచ్చేలోపు టైలర్ కూడా ఒక చీటీ రాశాడు. "ఏడో కాగితం," అంటూ అక్క లెక్కపెట్టింది. "పాంటు కత్తిరించడానికి కూడా ఇంత దండగ చెయ్యవు." చివరికి కుదిరింది ఇది: 'ఇవాళ్టితో చీటీల పని అయిపోతుంది. ఇక మీరు రావడానికి కారణం ఉండదు. కారణం లేకుండా రండి.'

చేతికిచ్చే ధైర్యం మాత్రం కుదరలేదు. సాయంత్రానికి చీటీలన్నీ జేబులకి చేరాయి. వాన మొదలైంది. టీచర్ రెయిన్ కోటు వేసుకోబోతే జిప్ ఇరుక్కుంది.

"ఇటివ్వండి, క్షణంలో చేసిస్తాను."

అటు తిరిగి జిప్ సరిచేసి, చీటీని కోటు జేబులోకి జారవిడిచాడు. మర్నాటి స్కూలు ఫంక్షన్ కోసం మేకుకి తగిలించిన అతని తెల్లచొక్కా పక్కన నిలబడి, ఆమె వాన చూస్తోంది. లేదా చూస్తోందని అతను అనుకున్నాడు.

శుక్రవారం స్కూల్లో ఒక చిన్నపిల్ల తనకొచ్చిన కోటు జేబులో చెయ్యి పెట్టి, చీటీ చదువుకుని, మళ్ళీ అందులోనే పెట్టి గుండీ బిగించింది. టీచర్ కళ్ళు తుడుచుకుంది. ఆ గుండీ టైలర్ కుట్టిందే. తన సూది ఇంత దూరం వెళ్తుందని అతనికి అంతవరకూ తెలియదు.

ఆ తర్వాత టీచర్ చూపు మాటిమాటికీ అతని తెల్లచొక్కా జేబు మీద పడసాగింది. మరకేదో ఉందనుకుని అతను చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఆమె మొహం చిన్నబోయింది. "చాలా థాంక్సండీ, అందరి తరఫునా," అని వెళ్ళిపోయింది.

"అందరి తరఫునా అంటే అయిపోయినట్టే," అన్నాడు అక్కతో. చొక్కా మళ్ళీ మేకుకెక్కింది. శనివారం ఎవరూ రాలేదు. ఆదివారమూ అంతే.

సోమవారం వానలో అదే రెయిన్ కోటు కొట్లోకొచ్చింది. అతను జిప్‌ని గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు. లోపలున్నది మాత్రం ఒక పెద్దావిడ.

"ఈ చీటీ రాసింది నువ్వేనా బాబూ?"

టైలర్ ఆమె చేతిలోని కాగితాన్ని గుర్తుపట్టాడు.

"అరవై దాటాక నాకిలాంటిది రావడం ఇదే మొదలు. మా ఆయనకీ చదివి వినిపించాను. ఆయనింకా తేరుకోలేదు."

కింద పడని కత్తెర కోసమని అక్క బల్ల కిందికి దూరింది.

"ఆ కోటు... మీదా అండీ?"

"నాదే. మా అమ్మాయి గొడుగు మర్చిపోయినప్పుడల్లా వేసుకుపోతుంది. కారణం లేకుండా రమ్మన్నావు, వచ్చాను. ఇప్పుడు చెప్పు, అసలు కారణం ఎవరు?"

ఇక దాచి లాభం లేదు. "మీ అమ్మాయేనండీ. ఆవిడ ఇక్కడ కూర్చుని చీటీలు చదివిన రెండు రోజులూ నా జీవితంలో ఎప్పుడూ లేనంత సంతోషంగా ఉన్నాను. ఆవిడకి ఇష్టం లేకపోతే మళ్ళీ ఈ మాటెత్తను."

"ఇష్టం లేదని ఎవరన్నారు? శుక్రవారం నుంచి ఇంట్లో ముభావంగా తిరుగుతోంది. తనూ చీటీ పెట్టిందట. నువ్వు చదివి, జేబు మీద చెయ్యేసుకుని, మాటైనా ఆడలేదట." గుమ్మం వైపు తిరిగింది. "ఏమే, ఎంతసేపు తడుస్తావు? లోపలికి రా."

గోడ పక్క నుంచి టీచర్ వచ్చింది. ఈసారి గొడుగు ఉంది, తెరవడం మర్చిపోయింది.

"ఊళ్ళో అందరి జేబులూ వెతుకుతారు," అంది నేల చూస్తూ. "మీ జేబు చూసుకోరా?"

అతను మేకు దగ్గరికి వెళ్ళి తెల్లచొక్కా జేబులో చెయ్యి పెట్టాడు. నాలుగు మడతల కాగితం తగిలింది.

'ఆ కోటులో చీటీ రాసిన మనిషికి ఇన్నేళ్ళుగా థాంక్స్ చెప్పుకోలేకపోయాను. ఎవరో తెలియదు కనక. మీరెవరో తెలుసు. మీకు ఒక్కసారి చెబితే చాలదు. రోజూ చెప్పుకునే వీలుందా?'

రెండుసార్లు చదివాడు. అక్షరాలు అలుక్కుపోతే కళ్ళు తుడుచుకుని, "ఉందండీ," అన్నాడు. చీటీని మడిచి, ఒంటి మీదున్న చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

తర్వాత పెద్దావిడ వైపు చెయ్యి చాపాడు. "అమ్మా, ఆ చీటీ వేరే జేబుదండీ."

"ఇచ్చెయ్యక తప్పుతుందా?" నవ్వుతూ అతని చేతిలో పెట్టింది. అతను దాన్ని టీచర్‌కి అందించాడు.

ఆమె చదువుకుని, లెక్కల టీచర్ కదా, నెమ్మదిగా అంది. "అరవై రెండూ, రెండూ. అన్నీ చేరాయి."