టేపులో పుష్పమ్మ గొంతు

పొద్దున్నే పెరట్లో కోళ్ల గంప ముందు మోకాళ్ల మీద కూర్చుని, పక్కన నల్లటి టేపు పెట్టె పెట్టుకుని, ఊపిరి బిగబట్టిన మొగుణ్ణి చూస్తే పుష్పమ్మకు ఒళ్లు మండింది. రొట్టెలు చేసి పిలిచీ పిలిచీ ఆమె నోరు నొచ్చింది. యాదన్న తల కూడా తిప్పలేదు. అంతలో వాకిట్లోంచి అత్త బీరమ్మ ఒక్క కేక పెట్టేసరికి బుద్ధిమంతుడిలా లేచి వచ్చాడు. తల్లి పిలుపుకున్న విలువ పెళ్లాం పిలుపుకు ఏ ఇంట్లో ఉంది గనక అని పుష్పమ్మ కళ్లు తుడుచుకుంది.

వాళ్లది రుద్రారం. యాదన్న బస్సెక్కి పటాన్‌చెరు దాటి ఫ్యాక్టరీకి పోతాడు. ఎర్రగా కాలిన ఇనుమును పెద్ద సుత్తి కింద పెట్టి సాగగొట్టే షెడ్డులో అతని పని. టేప్‌రికార్డర్ అతనిది కాదు. అదే షెడ్డులో పనిచేసే రాజారావు రాజమండ్రి వైపు నుంచి వచ్చినవాడు. అతనికి బావగారు కువైట్ నుంచి తెచ్చి ఇచ్చిన పెట్టె అది. పాటలు వింటాడు కాబోలని అడగ్గానే ఇచ్చాడు.

యాదన్న పాటల జోలికి పోలేదు. మొదటిరోజు జొన్నచేలోకి పోయి పిట్టల కూత పట్టబోతే టేపంతా గాలి హోరే వచ్చింది. రాజారావు నవ్వి, మైకుకు మెత్తటి గుడ్డ చుట్టమన్నాడు. చేత్తో పట్టుకోకుండా దుప్పటి మడిచి దానిమీద పెట్టమన్నాడు. చప్పుడు జోరు చూపించే, పెట్టె మీది ముల్లు మరీ ఎగిరిపడకుండా చూసుకోమన్నాడు. మెత్తటి గుడ్డ అనగానే యాదన్నకు పెళ్లాం చీరే కనబడింది. చెప్పకుండా కొంగు చింపేశాడు.

అప్పట్నుంచి సెలవొస్తే చాలు, మేకల గంటలు, బర్రె నెమరు, వాగులో నీళ్లు, రేకుల మీద వాన, ఏది దొరికితే అది పట్టడమే. ఆ తర్వాత పెట్టెను చెవికి ఆనించుకుని, ఇల్లు అదిరేలా పెంచి వినడం. యాదన్నకు గాలి సోకిందని ఊళ్లో చెప్పుకున్నారు. పుష్పమ్మకు ఆ మాటలు పట్టలేదు. బర్రె నెమరును చెవిలో పెట్టుకునే మనిషికి తన మాట చేదైపోయిందే అన్నదొక్కటే ఆమె బాధ.

నిజానికి ఆమె మాట మొదట్నుంచీ మెత్తనిదే. ఆ ఇంట్లో కోడలి మాట గడప దాటకూడదు. అది బీరమ్మ పెట్టిన రివాజు. కాపురానికి వచ్చిన కొత్తలోనే నేర్చుకుని, పొయ్యితో మాట్లాడుతున్నట్టు మాట్లాడటం పుష్పమ్మకు అలవాటైపోయింది. మా కోడలు నోట్లో నాలుక లేని పిల్ల అని బీరమ్మ నలుగురిలో మురిసేది.

ఆ ఆదివారం పుష్పమ్మ తనవీ, పిల్లలవీ బట్టలు మూట కట్టింది. ఇస్మాయిల్‌ఖాన్‌పేటలో తల్లిగారింటికి పోతున్నానని మొగుడి వీపుతో చెప్పింది. మళ్లీ చెప్పింది. అతను తల్లి కుండలో మజ్జిగ చిలికే చప్పుడు పట్టుకుంటూ ఉండిపోయాడు. ఆమె ముందుకొచ్చి పెట్టెను లాగేసింది. అప్పుడు చూశాడు మూటను.

"కోళ్లు, బర్లు మాట్లాడితె ఇంటవ్. నా మాట ఇనబుద్ధి కాదు. ఇగ ఈ ఇంట్ల నేనెందుకు?" అంది, అంత కోపంలోనూ అదే సన్నటి గొంతుతో.

యాదన్న ఆమె పెదాలకేసి చూశాడు. తర్వాత తల్లివైపు తిరిగి, "ఏమంటున్నదే అమ్మా?" అని అడిగాడు.

బీరమ్మ కవ్వం వదిలేసింది. పెళ్లాం ఎదురుగా నిలబడి ఏడుస్తుంటే తల్లిని అడుగుతావేందిరా అని గద్దించింది. యాదన్న గడప మీద కూలబడ్డాడు.

"నాకు ఇనొస్తలేదమ్మా. సుత్తి కాడ చెవులు పోయినయ్. నీ కేక ఇనొస్తది. దీని మాట ఎన్నడో పోయింది."

సంగారెడ్డి డాక్టరు ఇది పోవడమే గాని తిరిగి రావడం లేదన్నాడట. షెడ్డులో తెలిస్తే పని పోతుందని ఇంట్లో కూడా నోరు మెదపలేదట. పెట్టెలో పెంచుకుంటే కొన్ని చప్పుళ్లు ఇంకా అందుతున్నాయి. ఏది మిగిలిందో, ఏది పోయిందో చూసుకుంటున్నాడు.

"దీని గొంతు గూడ పట్టిన, దీనికి తెల్వకుండ," అంటూ టేపు తిప్పి పెట్టాడు. పుష్పమ్మ పిల్లలను నిద్రపుచ్చుతూ చెప్పుకున్న మాటలు పెట్టెలోంచి వాకిలంతా వినిపించాయి. యాదన్న చెవి ఆనించాడు, ఇంకా పెంచాడు. ముల్లు ఎగిరెగిరి పడుతోంది.

"గరగర తప్ప ఏం తెలుస్తలేదు," అన్నాడు.

పుష్పమ్మ మూట జారిపోయింది. ఇన్నాళ్లూ తను అలిగింది, సాధించింది, రాత్రిళ్లు గోడవైపు తిరిగి పడుకున్నది వినపడని మనిషి మీదనా అనుకుంటే గుండె చెరువైంది. చేయగలిగింది ఏమీ లేదు.

"గొంతెత్తు బిడ్డా," అంది బీరమ్మ. "నేను పెట్టిన రివాజు నేనే తీసేస్తున్న. వానికి ఇనొచ్చినన్ని రోజులన్న మాట్లాడు."

పుష్పమ్మ నోరు తెరిచింది. గొంతు లేవలేదు. అన్నేళ్లు అణిగిన గొంతు ఒక్కసారిగా ఎక్కణ్ణుంచి వస్తుంది? మళ్లీ ప్రయత్నిస్తే దగ్గొచ్చింది, ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకుని, మొగుడి చెవి దగ్గర వంగి, ఉన్న బలమంతా కూడదీసుకుని అరిచింది.

"నేను యాడికి పోను."

పక్కింటి కౌసల్యమ్మ కొట్లాట అనుకుని గోడ మీదుగా తొంగి చూసింది. పుష్పమ్మ సిగ్గుపడలేదు.

యాదన్నకు వినపడింది. కళ్లనిండా నీళ్లతో, ఇంకోసారి చెప్పమన్నాడు.