కుడిచేతి మూల ఎర్ర బటన్

డగ్ ఫెంటన్ కారు బ్రేకులు మంగళవారం ఉదయం ఏడూ నలభైకి పడలేదు. పెన్సిల్వేనియాలో ఒక చిన్న ఊరి వాటర్ ప్లాంట్‌లో ఆపరేటర్ అతను. వంతెన దిగేలోపే ప్రాణం పోయింది. పోలీసులు యాక్సిడెంట్ అని రాసుకున్నారు. ముందురోజు అతను కొత్త వెర్షన్ డెమో చూసి ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి పంపిన ఫిర్యాదు మాత్రం మిగిలింది: "ఇరవై రెండేళ్లుగా కుడిచేతి మూలన ఉన్న స్టాప్ బటన్‌ని ఎవడు పీకేశాడు?"

ఆ కంపెనీ సపోర్ట్ టీమ్‌లో ఆ ఫిర్యాదు చదివినవాడు ఒక్కడే. కౌస్తుభ్.

హెర్న్‌డన్‌లోని హార్విన్‌డేల్ సాఫ్ట్‌వేర్‌లో నాలుగు నెలలుగా అతను కస్టమర్ సపోర్ట్ ఇంజనీర్. మెడలో బ్యాడ్జ్, చెవికి హెడ్‌సెట్, లంచ్ టైమ్‌లో వీసా స్టాంపింగ్ గురించి దిగులు. అన్నీ వేషాలే. అసలు ఉద్యోగం ఫెడరల్ కౌంటర్ ఇంటెలిజెన్స్‌లో.

గురువారం మధ్యాహ్నం ఇండియన్ గ్రోసరీ పార్కింగ్ లాట్‌లో, మినీవ్యాన్ వెనక సీట్లో డైరెక్టర్ విద్య బ్రీఫింగ్ ఇచ్చింది.

"ఇన్నాళ్లూ వైరస్ కోసం వెతికాం. వైరస్ లేదు. డిజైనే వెపన్."

విషయం ఇది. 'వాల్వ్‌డెస్క్' అనే హార్విన్‌డేల్ సాఫ్ట్‌వేర్‌తో యాభై ఎనిమిది ప్లాంట్లు నడుస్తున్నాయి. రోజూ ఉదయం పది గంటలకు ప్రతి ప్లాంట్‌లోనూ క్లోరిన్ పంపు టెస్ట్ చేస్తారు. పది సెకన్లు ఫుల్‌గా వదిలి, కుడి మూలన ఉన్న ఎర్ర బటన్ నొక్కి ఆపేస్తారు. అలవాటైన చేతులు. ఎవరూ చూసి నొక్కరు. శుక్రవారం తొమ్మిదీ యాభై ఐదుకి దిగే కొత్త వెర్షన్‌లో అదే మూలన, అదే ఎర్ర రంగులో, 'కంటిన్యూ' ఉంటుంది. స్టాప్ ఎక్కడో మూడు చుక్కల మెనూ వెనక దాక్కుంటుంది. ఆపరేటర్ తేరుకుని వెతుక్కునేలోపు ఊరి కుళాయిల్లోకి విషం వెళుతుంది. ఒక విదేశీ ముఠా పథకం. నేరం మాత్రం నొక్కిన చేతిదవుతుంది.

ముందే ఆపేద్దామన్నాడు కౌస్తుభ్. కదిలిస్తే అప్పటికప్పుడే రిలీజ్ చేస్తారంది విద్య. లోపల మన మనిషి ఒకరున్నారు. కొత్త వెర్షన్‌ని వెనక్కి తిప్పే రోల్‌బ్యాక్ కార్డు ఇస్తారు. కోడ్ మాట గుర్తుపెట్టుకుంటే చాలు.

ఆమె అతని మణికట్టుకి ఒక వాచ్ తొడిగింది. పక్క బటన్ మూడుసార్లు నొక్కితే టీమ్ వచ్చేస్తుంది.

కౌస్తుభ్ కూతురు అనిక చదివే ఎలిమెంటరీ స్కూల్‌కి నీళ్లొచ్చేది సీడర్ రిడ్జ్ ప్లాంట్ నుంచి. యాభై ఎనిమిదిలో అదీ ఒకటి. విద్యకి ఆ మాట చెప్పలేదతను. ఆమెకి తెలుసు.

శుక్రవారం తొమ్మిదీ నలభైకి కాఫీ మెషిన్ దగ్గర మాయ ఎదురైంది. డిజైన్ హెడ్. ముదురాకుపచ్చ సిల్కు బ్లేజర్, నడుస్తుంటే నలుగురూ తలతిప్పి చూసే మనిషి. న్యూజెర్సీలో పుట్టి పెరిగిన తెలుగు.

"సేవ్ బటన్ మీద ఆ ఫ్లాపీ ఇంకా ఎందుకు ఉంది?" అంది మెల్లగా.

"దాన్ని వాడినవాళ్లు ఇంకా బతికే ఉన్నారు కాబట్టి."

కోడ్ సరిపోయింది. మాయ ఒక కార్డు అతని చేతిలో పెట్టింది. ఇద్దరూ కొత్త వెర్షన్లు వదిలే రిలీజ్ రూమ్‌కి నడిచారు. అక్కడి రూల్ ప్రకారం కౌస్తుభ్ ఫోన్ బయట లాకర్‌లో పెట్టి, లోపల రీడర్ మీద బ్యాడ్జ్ పెట్టాడు. వెనక అద్దం తలుపు మూసుకుని తాళం పడింది. మాయ అద్దానికి అవతలే ఉండిపోయింది. ఆమె ఇచ్చిన కార్డు పెడితే స్క్రీన్ 'చెల్లదు' అంది.

స్పీకర్‌లో ఆమె గొంతు వినిపించింది. "సారీ కౌస్తుభ్. నువ్వు యూజర్స్ గురించి చాలా వర్రీ అవుతావు. వాళ్లు మూడు రోజులు తిడతారు, తర్వాత అలవాటు పడతారు."

తొమ్మిదీ యాభై ఒకటి. వాచ్ బటన్ మూడుసార్లు నొక్కాడు. వాచ్ వెలిగింది. 'కొత్త వెర్షన్ ఇన్‌స్టాల్ అవుతోంది. మిగిలిన సమయం: పద్నాలుగు నిమిషాలు.'

గోడ మీద డాష్‌బోర్డ్‌లో యాభై ఎనిమిది ఆకుపచ్చ చుక్కలున్నాయి. బల్ల మీది ఫోన్ నుంచి బయటికి కాల్ పోవడం లేదు. ఆమె కట్ చేయించింది.

తొమ్మిదీ యాభై నాలుగు. ఆ ఫోనే మోగింది.

ఏ గదిలో బ్యాడ్జ్ పెడితే ఆ గదికే సపోర్ట్ కాల్స్ రావడం హార్విన్‌డేల్‌లో పద్ధతి. మాయకి అది తెలియదు. పదకొండేళ్ల సర్వీసులో ఆమె ఒక్క యూజర్ కాల్ కూడా ఎత్తలేదు.

"బాబూ, భీమశంకరాన్ని, సీడర్ రిడ్జ్ నుంచి." రోజూ డ్యూటీ ఎక్కగానే ఫిర్యాదు చెప్పనిదే కాఫీ తాగని పెద్దాయన. "మీ అప్‌డేట్ మళ్లీ అడుగుతోందయ్యా. 'రేపు గుర్తు చేయి' కొట్టాను. ఇవాళ్టికి రెండొందల పదకొండో రోజు."

కౌస్తుభ్ కుర్చీ పట్టుకున్నాడు. మిగతా యాభై ఏడు ప్లాంట్లలో అప్‌డేట్ అడక్కుండానే దిగుతుంది, పాత వెర్షన్ మాత్రం మర్యాదగా అడిగేది. ఆయన దగ్గర ఇంకా అదే ఉంది.

"అంకుల్, ఇప్పుడే ఎఫ్ నైన్ నొక్కండి."

పాత వెర్షన్‌లో ఏ ప్లాంట్ నుంచి ఎఫ్ నైన్ నొక్కినా యాభై ఎనిమిది ప్లాంట్లూ హ్యాండ్ మోడ్‌లోకి పోతాయి. పంపులు స్క్రీన్ మాట వినడం మానేసి గోడ మీటకే లొంగుతాయి. కారణం లేకుండా నొక్కితే ఉద్యోగం ఊడుతుంది.

"రిటైర్‌మెంట్‌కి నాలుగు నెలలుంది నాకు," అన్నాడాయన. "ఫోన్‌లో ఎవరో చెప్పారని నొక్కమంటావా?"

తొమ్మిదీ యాభై ఎనిమిది.

"మార్చిలో మీ ముప్పై ఒకటో ఫిర్యాదు అంకుల్. కొత్త డెమోలో ఎఫ్ నైన్ కనబడ్డం లేదన్నారు. వరదొచ్చిన రోజు ఆ ఒక్క కీ తొమ్మిది ఊళ్లని కాపాడిందనీ, తీసేసినవాడు ప్లాంట్ మొహం చూసి ఉండడనీ రాశారు. కింద సారీ అని కూడా పెట్టారు, కోపంలో రాశానని."

"చదివావా?"

"ముప్పై ఒకటీ చదివాను. మీరు చెప్పిందే నిజం. ఇవాళ పది గంటలకి స్టాప్ అనుకుని నొక్కేది స్టాప్ కాదు. మా అమ్మాయి ఆ నీళ్లే తాగుతుంది."

అవతల కుర్చీ జరిగిన చప్పుడు. తర్వాత పాత కీబోర్డు మీద ఒకే ఒక్క 'టక్'.

గోడ మీద చుక్కలు పసుపు రంగుకి తిరగసాగాయి. పది, ముప్పై, యాభై. చివరిది తిరిగేసరికి గడియారంలో పది కావడానికి రెండు సెకన్లుంది. యాభై ఏడు ప్లాంట్లలో చేతులు అలవాటుగా కుడి మూల నొక్కాయి. పంపులు కదల్లేదు.

అద్దం అవతల మాయ వెనక్కి తిరిగింది. లిఫ్ట్ వైపు పరుగెత్తింది. కాసేపటికి ఫోన్ మళ్లీ మోగింది. ఈసారి విద్య, సపోర్ట్ నంబర్‌కే చేసింది. పసుపు చుక్కలు తన స్క్రీన్ మీదా కనిపించాయట, టీమ్ బిల్డింగ్‌లోకి వచ్చేసిందట. కిందటి వారమే లిఫ్ట్‌లో బటన్లు తీసేసి, ఫ్లోర్ బయటే ఎంచుకునే టచ్ స్క్రీన్ పెట్టారు. మాయ ఏమీ ఎంచుకోకుండా ఎక్కేసింది. టీమ్ తలుపులు తెరిచేసరికి లేని బటన్ల కోసం గోడంతా తడుముతూ కనిపించిందట.

తలుపు తీసేవరకూ కౌస్తుభ్ కుర్చీలోనే కూర్చున్నాడు.

మణికట్టు మీద వాచ్ చిన్నగా మోగింది. అప్‌డేట్ పూర్తయింది. 'కొత్త ఫీచర్లు చూద్దామా?' అని అడిగింది.

కౌస్తుభ్ 'రేపు గుర్తు చేయి' నొక్కాడు. ఒకటో రోజు.