బ్యాలెట్‌కు రూపాయి

గులాబీ కాగితం కోసం కొట్లాడుకున్నవాళ్లు ప్రేమలో పడతారని నంద్యాలలో ఎవరైనా అనుకుంటారా? బెన్నీ, కరుణ పడ్డారు మరి.

పేపర్ దుకాణంలో మిగిలింది ఒకటే కట్ట. తన ప్రెస్సుకని బెన్నీ చెయ్యి వేశాడు. ఆళ్లగడ్డలో వాళ్ల నాయన జోసెఫ్ నడిపే ప్రెస్సుకని కరుణా చెయ్యి వేసింది. బయట వాన కురుస్తోంది. కాసేపు వాదించుకున్నాక, చెరి సగం చేద్దామన్నది బెన్నీయే.

"ప్రెస్సు ఓనర్ అంటాండావ్, చేతికి ఇంకు మరకే లేదే?" అంది కరుణ. ఆ ఒక్క మాటకే మనవాడు పడిపోయాడు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం అతను ఆళ్లగడ్డ చర్చిలోనే. ఇంత భక్తి ఎప్పటినుంచని సర్కారు బడి టీచరమ్మ కరుణ ఏడిపించేది. జోసెఫ్‌కు సంగతి తెలుసు, ఏమీ అనలేదు. ఆ మౌనమే బెన్నీకి గుబులు. ఒక్క మిషను పెట్టుకుని బతికేవాడికి పిల్లనిస్తాడా?

అంతలో పంచాయతీ ఎన్నికలొచ్చాయి. సర్పంచ్ బ్యాలెట్లు గులాబీ రంగువి. ప్రెస్సువాళ్లు రేటు రాసి సీలు కవర్లో ఇవ్వాలి, తక్కువ రాసినవాడిదే పని. నాయన బ్యాలెట్‌కు రూపాయి పావలా రాస్తాండాడని కరుణ ఫోన్లో నవ్వుతూ చెప్పేసింది.

బెన్నీ రూపాయి రాశాడు.

ఇంత పెద్ద ఆర్డర్ కొడితే తలెత్తుకుని పిల్లనడగొచ్చని అతని లెక్క. ఆ జోసెఫ్ నోటి దగ్గర కూడే లాక్కుంటున్నానన్న ఇంగితం ప్రేమ పిచ్చిలో తట్టలేదు, పాపం. పాపమేముంది లెండి, బుద్ధి తక్కువతనం.

ఆర్డర్ వచ్చింది. ప్రెస్సు గేటుకు పోలీసు కాపలా పెట్టారు. అచ్చు పూర్తయ్యేదాకా లోపలివాళ్లు బయటికి రాకూడదని ఫోన్లు కూడా తీసేసుకున్నారు. కాగితం ధర పెరిగి ఆ రూపాయిలో మిగిలిందీ లేదు. బయటికొచ్చి ఫోన్ చేస్తే కరుణ ఎత్తలేదు. ఆళ్లగడ్డకు పరుగెత్తితే జోసెఫ్ ప్రెస్సుకు తాళం. ఈ ఆర్డరూ పోయేసరికి మిషన్‌ను డోన్ ఊరివాళ్లకు అమ్మేశారని పక్క టీ కొట్టు వెంకటేశ్వర్లు చెప్పాడు.

ఎన్నికల రోజు ఓటు వేయడానికి ఆళ్లగడ్డ పక్కనున్న సొంతూరికి వెళ్లాడు. బూత్‌లో బ్యాలెట్లిచ్చే బల్ల వెనక, డ్యూటీ పడిన కరుణ కూర్చుని ఉంది. మధ్యాహ్నం కాబట్టి వరసలో ఎవరూ లేరు.

నాయన బాగున్నాడా అని అడిగాడు. ఆమె అతను అచ్చేసిన కాగితాన్నే ఎలా మడవాలో అందరికీ చూపినట్టే నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి మడిచి, విప్పి చేతికిచ్చింది.

"రేటు నీకు చెప్పమనింది మా నాయనే," అంది మెల్లగా. "ఇద్దరం కలిసి చేద్దాం మామా అని నువ్వే అంటావని చూసినాడు. ఆ మాటతోనే పెళ్లి మాటా ఎత్తుదామనుకున్యాడు."

"తెలీక చేసినా కరుణా."

"రేటు తెలిసే కదా తగ్గించినావు."

అంతలో ఎవరో ముసలామె లోపలికొచ్చింది. కరుణ చూపు తిప్పుకుని, "తొందరగా ఓటేసి రాండి సార్," అంది, అందరితో అన్నట్టే.

ముద్ర వేసి, ఆమె పెట్టిన మడతల మీదే మడిచి పెట్టెలో వేశాడు బెన్నీ. ఆనాడు కట్టను చెరి సగం చేద్దామన్న మాట తన నోటి నుంచే వచ్చింది. ఈసారి ఆ మాట ఎందుకు రాలేదో ఎంత ఆలోచించినా అతనికి తెలియలేదు.