ఆయమ్మ చేతి బ్లేడు

స్నానాల గది తలుపు మూసుకుని అరగంట దాటింది. లోపల నీళ్ల చప్పుడు లేదు. హాల్లో కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతున్న ఆయమ్మ, మడత మడతకీ ఆ తలుపు వైపు ఒక చూపు విసురుతోంది. ప్రసూతి వార్డులో ముప్పై ఏళ్లు ఆయాగా చేసి దిగిపోయిన మనిషి ఆమె. తొమ్మిదో నెల మనిషి తలుపేసుకుని చప్పుడు చెయ్యకుండా కూర్చుంటే ఊరుకునే రకం కాదు. వీధిలో అందరికీ ఆమె ఆయమ్మే. కోపమొస్తే సొంత కొడుకు కూడా అలాగే పిలుస్తాడు.

"అమ్మాయ్, లోపల నిద్రపోయావా?"

"వస్తున్నా అత్తయ్యా."

"అరగంట నుంచీ వస్తూనే ఉన్నావు!"

కోడలు గోడ పట్టుకుని బయటికి వచ్చింది. కాళ్లు ఎడంగా వేస్తూ నడిచి, కుర్చీలో ఒక పక్కకి ఒరిగి కూర్చుంది. మొహం పాలిపోయి ఉంది.

"ఏమైందే?"

"నడుం నొప్పి."

"నడుం నొప్పైతే వెనక్కి ఆనుకుంటారు. ముళ్ల మీద కూర్చున్నట్టు ఆ కూర్చోవడమేంటి?"

బల్ల దగ్గర గబగబా తింటున్న కొడుకు తల ఇంకాస్త కిందకి దించుకున్నాడు. అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. మధ్యలో ఆగిపోయిన లిఫ్టులోంచి ఎవరినైనా క్షేమంగా బయటికి తీసుకొస్తాడు. తల్లికీ పెళ్లానికీ మధ్య తను ఇరుక్కుంటే మాత్రం ఎటూ కదల్లేడు.

కాన్పుకి ఇంకా పది రోజులుంది. వారం నుంచీ ఆయమ్మది ఒకటే పోరు. కాన్పుకి వెళ్లేముందు కింద వెంట్రుకలన్నీ తీసేసి నున్నగా ఉండాలి, లేకపోతే తల్లికీ బిడ్డకీ చీము పడుతుంది. ఇది ఆమెకి నమ్మకం మాత్రమే కాదు, ముప్పై ఏళ్ల ఉద్యోగం. వార్డులోకి వచ్చిన ప్రతి గర్భిణినీ నొప్పుల మధ్యలోనే పడుకోబెట్టి, సబ్బు నురగ రాసి, బ్లేడుతో గీసెయ్యడం ఆమె పని. మనిషికి మూడు నిమిషాలు. అంతకంటే ఎక్కువ పట్టనిచ్చేది కాదు.

"ఇవాళ ఇంక తప్పదు," అంది ఆయమ్మ, మడత పెట్టిన బట్టలు పక్కకి తోసి. "కొత్త బ్లేడు తెప్పించాను. పొట్ట అడ్డమొచ్చి నీకెలాగూ కనపడి చావదు. మూడు నిమిషాల పని, పడుకో."

"వద్దత్తయ్యా."

"నా దగ్గర సిగ్గేంటే? నేనేమన్నా పరాయిదాన్నా? ఈ కళ్లు ఎంతమందిని చూడలేదు!"

"పోనీ, చేయించుకోరాదూ," అన్నాడు కొడుకు, ఆ పూటకి గొడవ తీరిపోతుందన్న ఆశతో. "అమ్మకి అలవాటేగా."

"వద్దని చెప్పానా!"

ఆ మాటతో లేవబోయి కోడలు అబ్బా అని మూలిగింది, బల్ల అంచు పట్టుకుని ఆగిపోయింది. పడిపోతుందేమోనని ఆయమ్మ చటుక్కున చెయ్యి పట్టుకుంది.

"ఒళ్లు కాలిపోతోందిరా దీనికి! ఏం చేసుకున్నావే? నిజం చెప్పు."

కోడలు మొగుడి వైపు చూసింది, తరవాత నేల వైపు చూసింది.

"నేనే తీసుకున్నా. మొన్న మధ్యాహ్నం. ఆయన రేజరుతో. అద్దం నేలమీద పెట్టుకుంటే కొంచెం కనపడింది. చెయ్యి జారి తెగింది. నిన్నట్నుంచీ వాచిపోయింది, కూర్చోలేకపోతున్నా."

"బుద్ధుందా నీకు? ఇంట్లో నేనుండగా నీకదేం ఖర్మ?"

"మీరున్నారనే చేసుకున్నా!"

స్కూలు యూనిఫారాలు కుట్టే కొట్లో పనిచేసే ఆ పిల్ల, పెళ్లయి వచ్చిన మూడేళ్లలో అత్తగారి మీద గొంతెత్తింది అదే మొదలు. ఎత్తాక ఇక ఆపుకోలేకపోయింది.

"మూడు నెలల కిందట మీ వార్డు స్నేహితులిద్దరూ వచ్చారు, గుర్తుందా అత్తయ్యా? నేను వంటింట్లో టీ పెడుతున్నా. ఒకావిడ అడవిలా పెంచుకుని వచ్చిందని చెప్పారు మీరు. ఇంకొకావిడ బ్లేడు చూసి, నొప్పులు మర్చిపోయి పరిగెత్తబోయిందని చెప్పారు. ఇంకెవరికో పొట్ట మీద కూడా వెంట్రుకలుంటే, నువ్వు పెళ్లానివా మొగుడివా అని అడిగారట. ముగ్గురూ కళ్లనీళ్లొచ్చేలా నవ్వారు. నాకూ వచ్చాయత్తయ్యా పొట్ట మీద. ఈ నెలల్లోనే. నల్లగా, బొడ్డు దాకా. ఆ రోజు నుంచీ మీరు గదిలో ఉంటే బట్టలు కూడా మార్చుకోలేదు నేను. రేపు నేను కన్నాక, మీరు ముగ్గురూ టీ తాగుతూ చెప్పుకునేది నా కథే కదా?"

ఏ మాటకైనా తడుముకోకుండా బదులిచ్చే ఆయమ్మ, పట్టుకున్న కోడలి చెయ్యి వదిలేసింది.

"అదేదో... సరదాకి..." అంది చివరికి.

"వాళ్లకి సరదా కాదు."

కొడుకు చెయ్యి కడుక్కోకుండానే లేచి కారుకి ఫోను చేశాడు.

ఆయమ్మ పనిచేసిన ఆసుపత్రికే వెళ్లారు. డాక్టరమ్మ చూసి, అది చీముగడ్డ అయిందని చెప్పి, కోసి చీము తీసి, సెలైను పెట్టించింది. బిడ్డ గుండె బాగానే కొట్టుకుంటోంది. ఇంకో రెండ్రోజులు దాచి ఉంటే చీము రక్తంలోకి పాకేదనీ, అప్పుడు ఇద్దరికీ ప్రమాదమేననీ చెప్పి ఆమె వెళ్లిపోయింది. ఆ ముక్క విన్నాక కొడుకు వరండాలో గోడకి చేరగిలబడ్డాడు.

నర్సు చీటీ రాసుకుంటూ అడిగింది. "కాన్పు గదిలోకి ఒక్క ఆడమనిషిని తోడు రానిస్తాం. మీ అమ్మగారు వస్తారా?"

"అమ్మ లేదు. నా చిన్నప్పుడే పోయింది."

"మరి ఎవరు?"

"ఎవరూ వద్దు. అత్తయ్య అసలు వద్దు."

గుమ్మం దగ్గరున్న ఆయమ్మకి ఆ మాట స్పష్టంగానే వినిపించింది. మింగలేక కక్కలేక నిలబడి, నర్సు బయటికి రాగానే ఆమె వెంటపడింది. తన వైపు ఒక్క న్యాయమైనా ఉండాలి కదా.

"సిస్టర్, అది మొండికేసింది గానీ, ఎలాగూ కాన్పుకి ముందు మీరు గీయాల్సిందేగా?"

"ఏం గీయాలి?"

"అదే... కింద. బ్లేడుతో."

"ఇప్పుడెవరికీ చెయ్యమండీ. అవసరం లేదు. ఆపరేషను చెయ్యాల్సొస్తే, కోసే చోట మిషనుతో పైపైన కత్తిరిస్తాం. అసలు బ్లేడే ముట్టుకోం."

"నేనిక్కడ ముప్పై ఏళ్లు చేశానమ్మా ఆ పని!"

నర్సు కొంచెం మెత్తబడింది. "అప్పట్లో అందరూ చేసేవాళ్లేలెండి. గీసినా గీయకపోయినా తేడా లేదని తరవాత తెలిసింది. కంటికి కనపడని గాట్లు పడి, వాటిలోంచే చీము పడుతుంది. మీ కోడలికి అయిందదేగా. మీరు రిటైరయ్యాక ఇక్కడ మానేసి ఉంటారు."

ఆయమ్మ వరండా బల్ల మీద కూలబడింది. నమ్మబుద్ధి కాలేదు. ఒక్కొక్కరే గుర్తుకు రాసాగారు. మెల్లగా అమ్మా, మెల్లగా అని బతిమాలినవాళ్లు. మంచం అంచులు పిడికిళ్లతో బిగబట్టినవాళ్లు. ఒక పంతులమ్మ, నొప్పుల్లో కూడా ఎంతో మర్యాదగా, బ్లేడు ఇలా ఇవ్వండి నేనే చేసుకుంటాను అని చెయ్యి అడ్డం పెట్టింది. ఆ చేతిని తను పక్కకి కొట్టి, మొగుడి దగ్గర లేని సిగ్గు నా దగ్గరెందుకే అంది. వార్డంతా నవ్వింది. పంతులమ్మ ఆ చెయ్యి వెనక్కి తీసుకుంది.

తప్పనిసరి పని అనుకున్నన్నాళ్లూ ఆ మోటుతనం పనిలో భాగంగా చెల్లిపోయింది. ఆ పనే అక్కర్లేదంటే, ఇంక మిగిలింది మోటుతనం ఒక్కటే.

మర్నాడు పొద్దున ఇంటి నుంచి క్యారియరు తెచ్చింది. రోజూలా లోపలికి చొరబడకుండా గుమ్మంలో ఆగి, కోడలు చూసేదాకా అక్కడే నిలబడింది.

"రావచ్చా?"

కోడలు దుప్పటి మెడదాకా లాక్కుంది. ఆయమ్మ గుమ్మం దాటకుండానే మొదలుపెట్టింది.

"నువ్వన్నది నిజమే. నవ్వాను. ఇంటికొచ్చి నవ్వాను, వార్డులో వాళ్ల ఎదురుగానూ నవ్వాను. అక్కర్లేని పని చేసి మరీ నవ్వాను. నాకది అక్కర్లేనిదని తెలియదు, ఒట్టు. కానీ నవ్వకూడదని తెలియడానికి చదువక్కర్లేదు కదే." క్యారియరు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "రాత్రంతా కూర్చుని గుర్తుచేసుకున్నాను. ఒక్కళ్ల మొహం కూడా గుర్తు రాలేదు. వెతుక్కుంటూ పోయి తప్పయిందని చెబుదామన్నా, ఎవరికని చెప్పను? నేనెప్పుడూ వాళ్ల మొహం వైపు చూడనేలేదు. నీ సంగతి మాత్రం... నువ్వెదురుగా ఉన్నావు. తప్పయింది తల్లీ."

కోడలు గోడ వైపు తిరిగి పడుకుంది. ఆయమ్మ క్యారియరు గుమ్మం పక్కన స్టూలు మీద పెట్టి వెళ్లిపోయింది. మధ్యాహ్నం కొడుకు చూసేసరికి దాని మూత తీసినట్టే లేదు.

మూడో రోజుకి జ్వరం దిగింది. గాయం మాత్రం పచ్చిగానే ఉంది. మధ్యాహ్నం రెండింటికి, ఎవరూ అనుకోకుండా, నొప్పులు మొదలయ్యాయి. నర్సులు మంచం తోసుకుంటూ వరండా వెంట తీసుకెళ్తుంటే కొడుకు పక్కన పరిగెత్తాడు. ఆయమ్మ మాత్రం బల్ల మీంచి లేచి, గోడకి ఆనుకుని దారిచ్చింది.

కాన్పు గది తలుపు దగ్గర మంచం ఆగింది.

"ఒక్కతివే వస్తావా అమ్మా?" అంది నర్సు.

కోడలు పెదవి కొరుక్కుంటూ మొగుడి చెయ్యి వదిలింది. కళ్లు వరండా అంతా వెతికి ఆయమ్మ దగ్గర ఆగాయి. ఇంకో నొప్పి వచ్చి తగ్గేదాకా అందరూ అలాగే నిలబడిపోయారు.

"అత్తయ్యా."

"చెప్పు తల్లీ."

"రండి. కానీ నా తల దగ్గరే నిలబడాలి. నా మొహం వైపే చూడాలి. కిందకి చూడకూడదు."

"చూడను."

"ఎవరికీ ఏమీ చెప్పకూడదు."

"చెప్పను తల్లీ. నా బిడ్డ మీద ఒట్టు."

తనకి బాగా తెలిసిన ఆ గదిలోకి ఆయమ్మ కొత్త మనిషిలా అడుగుపెట్టింది. నర్సు ఎక్కడ నిలబడమంటే అక్కడ, మంచం తల వైపు నిలబడింది. కాళ్ల వైపు ఏం జరుగుతోందో ఆమెకి చప్పుళ్లని బట్టే తెలుస్తోంది. అయినా తల తిప్పలేదు. చెమటకి తడిసి నుదుటికంటుకున్న జుట్టు, బిగుసుకున్న దవడ, పగిలిన పెదవి, పెద్దవైన కళ్లు. నొప్పి వచ్చినప్పుడు ఒక ఆడపిల్ల మొహం ఇలా ఉంటుందా అనుకుంది. ముప్పై ఏళ్లూ తను కళ్లెత్తి చూడని మొహం.

పచ్చి గాయం మీద నొప్పి తోసుకొచ్చింది. కోడలు ఆయమ్మ ముంజేతిని గోళ్లు దిగేలా పట్టుకుంది.

"భయంగా ఉంది అత్తయ్యా. అరవొచ్చా?"

ఆ గదిలో ఆ ప్రశ్న ఎన్ని వందలసార్లు విందో ఆయమ్మకి లెక్కలేదు. ప్రతిసారీ, నోరు మూసుకో అనే చెప్పింది. ఇప్పుడు వంగి, తన తడి చెంపని కోడలి చెంపకి ఆనించింది.

"అరుచుకో తల్లీ. ఎంత గట్టిగానైనా అరుచుకో. నేను వింటున్నా."