సాలు సాలు

సారలమ్మ అన్నం వార్చి, వాకిట్లో గిన్నెలు తోముతుండగా జలాల్ సైకిల్ బెల్లు మోగింది. పదేళ్ళుగా ఈ మిల్లు కాలనీకి ఉత్తరాలు మోస్తున్న జలాల్‌కు ఒక అలవాటుంది. మంచి కబురైతే సందు మొదట్లోనే అరుస్తాడు. డబ్బు కట్టాల్సిన కబురైతే సైకిల్ దిగి, స్టాండు వేసి, మెడ మీద చెమట తుడుచుకుని మరీ చెబుతాడు. ఆ రోజు స్టాండు వేశాడు.

"సారల చెల్లె, మీ ఆయన పేరు మీద వీపీ వచ్చింది. ఇరవై ఒక్క రూపాయి కట్టి ఇడిపించుకోవాలె."

"ఏం వీపీ అన్నా?"

"వింతలోకం పుస్తకం. బెజవాడ నుంచి. వద్దంటె చెప్పు, వాపస్ రాసి పంపుత. జబర్దస్తేం లేదు."

సారలమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుంది. భర్త సారంగపాణి మిల్లులో హాజరు రాసే టైం ఆఫీసు గుమస్తా. ఆ వారం మొదటి షిఫ్టు, పొద్దున ఆరింటికే వెళ్ళిపోయాడు. పోయిన నెల ఆ పత్రిక బంద్ చేద్దామన్నది ఆయనే. ఇప్పుడు ఆయన పేరు మీదే వచ్చింది కదా, మనసు మార్చుకుని మళ్ళీ తెప్పించాడేమో అనుకుంది. అనుకోగానే ముఖం వికసించింది కూడా. తొర్రూరులో చెల్లెలి బిడ్డ తొట్టెల వేడుకకు చీర పెడదామని దాచుకున్న డబ్బు తీసి జలాల్ చేతిలో పెట్టింది.

"అత్తా, మన పుస్తకం మల్ల వచ్చింది!" అని ఇంట్లోకి కేక వేసింది.

వెనక వాకిట్లో కూర్చుని ముగ్గుపిండితో ఏదో గీస్తున్న సమ్మమ్మ ఉలిక్కిపడి, గీసినదాన్ని అరచేత్తో చెరిపేసింది. "మల్ల వచ్చిందా? ఎట్లొచ్చింది?" అంది. ఆ గొంతులో సంతోషం లేకపోవడం సారలమ్మకు వింతగా తోచింది గానీ, పట్టించుకోలేదు.

ఆ పత్రిక ఆ ఇంటికి రావడం వెనక ఒక గ్రహణం ఉంది. పోయినేడు, అంటే పంతొమ్మిది వందల ఎనభైలో, మాఘ అమావాస్యనాడు పట్టపగలు ఊరంతా మసకబడిపోయింది. వరంగల్లు వీధుల్లో పురుగు కూడా తిరగలేదు. సమ్మమ్మ తలుపులు బిడాయించుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, గంటన్నర కదలకుండా కూర్చుంది. వారం తిరక్కుండానే మిల్లు గేటు దగ్గర ఒక ఏజెంటు వాలి, ఆకాశం గురించీ సముద్రం గురించీ రాసే పత్రికంటూ, సారంగపాణి చేత ఏడాది చందా కట్టించాడు. సారంగపాణి రెండు సంచికలు తిరగేసి పక్కన పడేశాడు. అసలు పాఠకురాళ్ళు ఇద్దరు. ఎనిమిదో తరగతి దాకా చదివిన సారలమ్మ మధ్యాహ్నాలు పైకి చదువుతుంది. బడి గడప తొక్కని సమ్మమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూ వింటుంది.

మొదటి సంచికలోనే నల్లటి సూర్యుడి బొమ్మ, చుట్టూ తెల్లటి వెలుగు. సమ్మమ్మ ఆ బొమ్మను చూసి చాట పక్కన పెట్టేసింది. "గింత పెద్ద ముచ్చట మన ఇంటి మీదికెల్లి పోతాంటె, నేను కండ్లు మూసుకొని కూసున్ననా!" అని ఎంతసేపు అనుకుందో. ఆ తర్వాత ఏదీ వదల్లేదు. నక్షత్రాల వెలుగు మన దగ్గరికి రావడానికి వందల వేల ఏళ్ళు పడుతుందని కోడలు చదివిన రోజున, "అంటె నేను సూస్తాన్నది నా తాతల తాతలు పుట్టకముందు బయలెల్లిన ఎలుగా?" అని అడిగింది. ఔనంది కోడలు. ఆ తర్వాత ప్రతి సాయంత్రం వాకిట్లోకి వచ్చి, అరచేయి చాచి ఒక్క నిమిషం నిలబడేది. అంత దూరం నుంచి వచ్చినదాన్ని నేల మీద పడనివ్వడం మర్యాద కాదనుకుందేమో.

ఇక గొడవకు వద్దాం. చందా ముగిసే సంచికలో ఒక ప్రకటన వచ్చింది. కొనసాగించడం ఇష్టం లేనివారు ఉత్తరం రాయాలట. రాయకపోతే ఇష్టమేనని తలచి, కొత్త ఏటి మొదటి సంచికను వి.పి.లో పంపుతారట. ఇంతకంటే తెలివైన వల చేపలు పట్టేవాళ్ళ దగ్గర కూడా ఉండదు. సారంగపాణి అది చూసి, "ఖర్చులు ఎక్కువైతున్నయి, ఇగ బంద్ జేద్దాం" అని ఒక ఖాళీ కార్డు తెచ్చి, బెజవాడ చిరునామా, చందా నంబరు తానే రాసి గూట్లో పెట్టాడు. "మాటర్ నువ్వు రాసి డబ్బాల ఎయ్యి" అని భార్యకు చెప్పాడు. మనసొప్పక ఆమె రెండు రోజులు ఆలస్యం చేసింది. మూడో రోజు చూస్తే గూట్లో కార్డు లేదు. తన వల్ల కావడం లేదని భర్తే రాసి వేశాడనుకుంది. అడగలేదు. ఆయనా అడగలేదు. మొగుడూ పెళ్ళాల మధ్య సగం తగాదాలు ఇలా అడగని మాటల్లోంచే పుడతాయి.

సాయంత్రం సారంగపాణి వచ్చి, పార్సిలు చూసి, మొదట నవ్వాడు. తర్వాత నవ్వడం మానేశాడు.

"కార్డు రాసినవా, లేదా?"

"నేను రాసేటాల్లకు అది గూట్లె లేదు. మీరే ఏసిండ్రనుకున్న."

"కార్డుకు కాళ్ళొచ్చినయా? నీకు పుస్తకం కావాలె. రాయలె. ఆ ముక్క చెప్తె ఐపాయె గదా! అబద్ధమెందుకు?"

"నేనెన్నడన్న మీకు అబద్ధం చెప్పిన్నా?"

"ఇయ్యాల చెప్తానవు."

సమ్మమ్మ గుమ్మంలోకి వచ్చింది. "దాన్ననకు కొడుకా. దాని తప్పు లేదు. ఆ కార్డు..." అని ఆగిపోయింది.

"నువ్వు కోడల్ని ఎనకేసుకు రాకవ్వా. మీ ఇద్దరి సంగతి నాకెరుకే."

సమ్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెనక్కి తగ్గింది. ముఖంలో ఏదో పెద్ద తప్పు చేసినదానిలా సిగ్గు కనిపించింది. సారలమ్మకు అత్త ముఖం చూసే ఓపిక లేదు. భర్తకు ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"బెజవాడకు ఉత్తరం రాయుండ్రి. మా ఇంటికెల్లి కార్డు అందిందా, అందితె దాంట్ల ఏమున్నదని అడుగుండ్రి. అందలేదంటె నేనే దొంగను. అందిందంటె మాత్రం, నేను అబద్ధమాడలేదని ఈ ఇంట్లనే మీ నోటితోని చెప్పాలె."

సారంగపాణి రాశాడు. ఊరికే రాయడమా! 'అడగని సంచిక పంపి పైకం వసూలు చేయడం పచ్చి అన్యాయమనియు, మా ఇంటి నుండి వచ్చిన కార్డు ఏదైనా ఉన్నచో దానిని జతపరిచి పంపవలెననియు, లేనిచో కోర్టుకు పోగలమనియు' రెండు పేజీలు నింపి, హనుమకొండ వెళ్ళినప్పుడు రిజిస్టరు చేశాడు. రిజిస్టరీకి అయిన ఖర్చుతో ఒక సంచిక వచ్చి ఉండేది.

మూడు వారాలు గడిచాయి. పార్సిలు విప్పకుండా పెట్టె మీదే ఉండిపోయింది. మధ్యాహ్నాలు చదువు లేదు. సారలమ్మ వడ్డించేది, మాట్లాడేది కాదు. సమ్మమ్మ రాళ్ళు ఏరడం అయిపోయిన బియ్యాన్నే మళ్ళీ ఏరేది. సాయంత్రాలు వాకిట్లోకి రావడం మానేసింది.

జలాల్ మళ్ళీ వచ్చిన రోజు సారంగపాణిది రెండో షిఫ్టు, పొద్దున ఇంట్లోనే ఉన్నాడు. జలాల్ ఈసారి సందు మొదట్లోంచే అరిచాడు. "పాణీ భాయ్! బెజవాడ జవాబ్!"

సారలమ్మ లోపలికి వెళ్ళి రెండు చీరలు సంచిలో పెట్టుకుని వచ్చింది. "తొర్రూరు బస్సు పన్నెండింటికి. సదువుండ్రి. కార్డు అందలేదని రాస్తె నేను పోత. నా మాటకు ఇలువ లేని ఇంట్ల నేను అన్నం తినలేను."

సారంగపాణి సంచి వైపు చూశాడు. పంతానికి పోయాడు గానీ, ఇప్పుడు ఆ పంతమే భయపెట్టింది. కవరు చించాడు. లోపల ఒక ఉత్తరం, దానికి గుండుసూదితో గుచ్చిన కార్డు. కార్డు చిరునామా వైపు తన దస్తూరీయే. పైకి చదివాడు.

"మాన్యులు సారంగపాణి గారికి. తమ కార్డు మాకు సకాలంలోనే అందినది. అందులో తాము స్పష్టముగా 'సాలు సాలు' అని వ్రాసినందున, సాలు సాలుకూ, అనగా ఏటేటా, పత్రిక పంపవలెనని గ్రహించి పంపితిమి. మా పొరపాటైనచో తిరిగి వ్రాయగలరు. పైకం వాపసు చేయగలము."

కార్డు తిప్పాడు. పైన తాను వేసిన చందా నంబరు. దాని కింద ఒకే ఒక్క వాక్యం.

మాకు పుస్తకం సాలు సాలు.

సారంగపాణి కార్డును వెలుతురుకు పట్టి చూశాడు. అది భార్య రాత కాదు. అసలు ఎవరి రాతా కాదు. పత్రిక మీద పెద్ద అక్షరాలతో పేరు అచ్చు వేస్తారే, ఆ అచ్చును ఒక్కొక్క అక్షరమే తీసి పేర్చినట్టుంది. ప్రతి తలకట్టూ విడిగా, లోతుగా, పెన్సిలు కార్డును చీల్చేంత గట్టిగా దిద్ది ఉంది. 'పు' కింద ఒకసారి చెరిపి మళ్ళీ రాసిన మరక.

"ఇదెవరు రాసిండ్రు?" అన్నాడు మెల్లగా.

సారలమ్మ తొంగి చూసింది. చూసి, వెనక వాకిలి వైపు తిరిగింది. ముగ్గుపిండి, అరచేత్తో చెరిపేయడం, అన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందు మెదిలాయి. "అత్తా..." అంది.

సమ్మమ్మ గోడ పట్టుకుని నిలబడి ఉంది. కొడుకు కోపం గురించి గానీ, డబ్బు గురించి గానీ ఆమె అడగలేదు.

"వాళ్ళు సదివిండ్రా?" అంది. "బెజవాడల... నా రాత సదివిండ్రా?"

సారలమ్మ ఔనన్నట్టు తలూపింది.

"పుస్తకం మల్ల వచ్చిందనంగనే నా పానం సచ్చిపోయింది బిడ్డా. నేను రాసినయి అచ్చరాలు కావేమో, ఉత్త గీతలేమో అనుకున్న. నేనే రాసిన్నని చెప్తె నవ్వుతరేమోనని నోరు మూసుకున్న. నా సిగ్గుకు దీన్ని ఇన్ని దినాలు ఏడిపిచ్చిన." కోడలి చెయ్యి పట్టుకుంది. "నువ్వు ఏలు పెట్టి సదువుతాంటె ఎనకెనక సూసేదాన్ని. నువ్వు నీళ్ళకు పోయినప్పుడు పిండితోని దిద్దేదాన్ని. కొడుకు ఖర్చైతాందంటాండు, నీకేమో రాయ చెయ్యి రాకపాయె. అందుకని నేనే సాలని రాసి డబ్బాల ఏసిన. ఒక్కసారి రాస్తె సమజైతదో కాదోనని రెండుసార్లు రాసిన."

వరంగల్లులో చాలు అన్నా సాలే, సంవత్సరం అన్నా సాలే. 'ఈ సాలు వానలు సాలు' అంటే ఇక్కడ ఎవరికీ తికమక ఉండదు. బెజవాడలో ఉన్న ఆ గుమస్తా, సంవత్సరాన్ని సాలనే రాసే శిస్తు కాగితాల మధ్య పెరిగిన మనిషై ఉంటాడు. ఒక ముసలమ్మ తనకు ప్రాణమైనదాన్ని వద్దనుకుని 'చాలు చాలు' అని రాస్తే, అతడు 'ఏటేటా' అని చదువుకున్నాడు.

సారంగపాణి మంచం అంచున కూలబడ్డాడు. పద్నాలుగేళ్ళుగా టైం ఆఫీసులో వేల పేర్లు రాశాడు. ఒక్క అక్షరాన్నైనా ఇంత గట్టిగా రాశాడా? అరవై దాటిన తల్లి ఇంట్లో ఎవరికీ తెలియకుండా, నేల మీది పిండిలో, ఒక భాష మొత్తాన్ని ఏరుకుంది. అది తన కళ్ళ ముందే జరిగింది. గ్రహణంనాడు ఆమె కళ్ళు మూసుకుందని అప్పట్లో తాను నవ్వాడు. ఇప్పుడు ఏడాది పొడుగునా కళ్ళు మూసుకున్నది ఎవరో అర్థమయ్యేసరికి ఆయన కళ్ళు నిండిపోయాయి.

లేచి భార్య దగ్గరికి వెళ్ళాడు. "నువ్వు అబద్ధమాడలె సారలా. నాదే తప్పు. నీ మాట నమ్మకపోవుడే నేను జేసిన పెద్ద తప్పు." తల్లి ముందే అన్నాడు, భార్య అడిగినట్టే. సారలమ్మ సంచి తీసుకుపోయి కొక్కేనికి తగిలించి, కళ్ళు తుడుచుకుంటూ వచ్చి అత్తను ఆనుకుని కూర్చుంది.

అప్పుడు సారంగపాణి బల్ల సొరుగులోంచి ఒక కొత్త కార్డు తీసి తల్లి ముందు పెట్టాడు. పెన్సిలు చెక్కి చేతికిచ్చాడు.

"వాళ్ళు మల్ల రాయమన్నరవ్వా. నువ్వే రాయి."

"నేనా? మీ ముంగటనా?" సమ్మమ్మ ముడుచుకుపోయింది. "ఏం రాయాలె కొడుకా?"

"మొదలు రాసిందే రాయి. దాంట్ల తప్పేం లేదు."

"మల్ల అట్లనే సదువుకుంటరేమో!"

"సదువుకోనీ."

ఆమెకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక కొడుకు ముఖంలోకి చూసి, కార్డు మీదికి వంగింది. ఇద్దరూ ఆ చేతినే చూస్తున్నారు. ముడతలు పడిన ఆ వేళ్ళు ఒక్కొక్క గీతనే తొందర లేకుండా దిద్దుతున్నాయి. ఒక తలకట్టు, ఒక కొమ్ము, ఒక సున్నా. ఏమీ లేని చోట ఒక అక్షరం, దాని పక్కన ఇంకొకటి. లోకంలో మొదటిసారి ఎవరో రాస్తున్నట్టుగా ఉంది సారంగపాణికి.

చివరి 'లు' కొమ్ము దగ్గర సమ్మమ్మ చెయ్యి ఆగింది.

"గిది గూడ సదువుతరంటవా?"

"సదువుతరవ్వా" అన్నాడు.

ఆమె కొమ్ము దిద్దింది. కార్డు ఎత్తి పట్టుకుని, తాను రాసినదాన్ని తానే, వేలు పెట్టి, పైకి చదివింది. "మాకు పుస్తకం సాలు సాలు."