బ్రౌజరు బొమ్మ కనబడటం లేదు

పొద్దున్నే పొయ్యి మీద టీ నీళ్ళు పెట్టి, మంట తగ్గించి, టైలరమ్మ ముందుగదిలోకి వచ్చి కంప్యూటరు ముందు కూర్చుంది. వీధిలో అందరూ ఆమెను ఇప్పటికీ అలాగే పిలుస్తారు. వేళ్ళ కణుపులు పట్టేసి కుట్టుకొట్టు మూసేశాక కొన్నాళ్ళు ఆమె ఇంట్లో ముభావంగా తిరిగింది. కోడలే చూడలేక కుర్చీలో కూర్చోబెట్టి మౌసు పట్టుకోవడం నేర్పింది. కుట్టుపని నేర్చుకునేవాళ్ళు సందేహాలు అడిగే సైటొకటి చూపించింది. అప్పటినుంచి జవాబులు రాయడంతో ఆమెకు ఊపిరాడనంత పని.

తెర వెలిగింది. రోజూ ఎడమవైపు మూల ఉండే బ్రౌజరు బొమ్మ ఈరోజు లేదు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది. తక్కిన బొమ్మలన్నీ ఉన్నాయి. ఆ ఒక్కటే లేదు.

అది నొక్కకుండా సైటులోకి వెళ్ళడం ఆమెకు తెలియదు. ఎక్కడో ఒక అమ్మాయి మొదటి ఉద్యోగం కోసం తన కోటు తనే కుట్టుకుంటోంది. చెయ్యి ముందుకు చాపితే భుజం దగ్గర లాగేస్తోందని నిన్న ఫోటో పెట్టింది. ఈ మధ్యాహ్నమే ఇంటర్వ్యూ. పొద్దున్నే చెబుతానని టైలరమ్మ మాటిచ్చింది.

పళ్ళ డాక్టరు క్లినిక్‌లో రిసెప్షన్ చూసే కోడలు, ఆఫీసు బ్యాగు భుజాన వేసుకుని గదిలోంచి వచ్చింది.

"అమ్మాయీ, ఇక్కడి బొమ్మ ఏమైంది?"

"ఏ బొమ్మ అత్తయ్యా?"

"ఏమీ తెలియనట్టు అడుగుతావేం? ఎక్కువసేపు చూస్తే కళ్ళు పాడవుతాయని నిన్ననే అన్నావుగా. నచ్చకపోతే మొహం మీదే చెప్పొచ్చు. ఇలా దొంగచాటుగా తీసెయ్యడం దేనికి?"

కోడలు నిలబడిపోయింది. "కళ్ళు ఎర్రబడ్డాయని అన్నాను. అంతే. నేర్పించింది నేనే కదా అత్తయ్యా, నేనెందుకు తీసేస్తాను?"

"నేర్పినదానివి కాబట్టే తీసెయ్యడమూ తెలుసు. మీ అమ్మ విషయంలో అయితే ఇలా చేస్తావా?"

అన్న తరువాత తెలిసింది ఆమెకు, మాట ఎంత దూరం పోయిందో. కోడలి మొహం చిన్నబోయింది. చెప్పుల కోసం గుమ్మం వైపు తిరిగింది. వంటింట్లో నీళ్ళు మరిగి మూత మోగుతోంది.

"అమ్మాయినేమీ అనకు. తీసింది నేను."

గుమ్మంలో కోడలి మామగారు, టైలరమ్మ భర్త, నిలబడి ఉన్నాడు. ఉద్యోగమంతా బస్సు నడిపి, కిందటేడే ఇంటిపట్టున చేరిన మనిషి. మెత్తని మనిషి, గొంతు పెంచడం ఎరగడు. ఇప్పుడు కూడా నేల చూస్తూనే చెప్పాడు.

"మీరా? మీకేం అడ్డొచ్చిందది?"

"అడ్డే వచ్చింది. ఇన్నేళ్ళూ నువ్వు లేవకముందే నేను బస్సెక్కేవాణ్ణి. రిటైరయ్యాకైనా పొద్దున్నే ఇద్దరం కూర్చుని నాలుగు మాటలు చెప్పుకుందామనుకున్నాను. నేను లేచేసరికి నువ్వు దీని ముందుంటున్నావు. మొన్న చొక్కా తిరగేసి వేసుకున్నాను. మధ్యాహ్నం దాకా అలాగే తిరిగాను. కుట్లన్నీ బయటికే ఉన్నాయి. నువ్వు చూడలేదు."

టైలరమ్మ ఆయన చొక్కా వైపు చూసింది. వీధిలో పోయేవాడి కాలరు వంకరగా ఉన్నా పట్టేసే కళ్ళు తనవి.

"మీరు కావాలనే వేసుకున్నారా?" అంది చివరికి, సన్నగా.

"మొదట పొరపాటున. తరువాత కావాలనే."

కోడలికి నవ్వాగలేదు. కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. బ్యాగు దించి కంప్యూటరు దగ్గరికి వచ్చింది. "రీసైకిల్ బిన్‌లో ఉంటుంది, వెనక్కి తెచ్చేద్దాం." తెరిచి చూసి మామగారి వైపు తిరిగింది. "ఇది కూడా ఖాళీ చేసేశారా మామయ్యా?"

"చెత్త ఉంచుకోవడమెందుకని."

"పరవాలేదు. మీరు తీసింది లోపలికి వెళ్ళే దారినే. బ్రౌజరు లోపలే ఉంది. రండి, మీరే కూర్చోండి."

మామగారు మౌసును అలవాటుగా బస్సు స్టీరింగులా రెండు చేతులతో పట్టుకోబోయి, ఒక చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కోడలు పక్కన నిలబడి చెప్పింది. స్టార్ట్ నొక్కి బ్రౌజరు పేరు కొట్టించింది. జాబితాలో కనబడగానే కుడి బటన్ నొక్కి, ఫైలున్న చోటు తెరిపించి, అక్కణ్ణుంచి డెస్క్‌టాప్‌కి పంపించింది. పాత మూలలోనే బొమ్మ వచ్చి కూర్చుంది. ఆయన కాసేపు దాన్ని చూసి, భార్య కోసం కుర్చీ ఖాళీ చేశాడు.

టైలరమ్మ కూర్చోలేదు. కోడలి చెయ్యి పట్టుకుంది. "నోరు జారానమ్మా. అనకూడని మాట అన్నాను."

"మా అమ్మయితే ఇంకో నాలుగు ఎక్కువే అనేది, అత్తయ్యా." కోడలు ఆమె చేతి మీద చెయ్యి వేసింది. "ముందు ఆ పిల్లకి జవాబు రాయండి. టీ నేను పోసుకొస్తా, తాగే వెళతాను."

ఫోటో చూపిస్తూ టైలరమ్మ ఈసారి భర్తతోనే చెప్పింది. "చూశారా, కోటు కుడిచెయ్యి ఎడమకీ, ఎడమది కుడికీ వేసేసింది. అందుకే లాగుతోంది. విప్పి మార్చి కుడితే చాలు." ఒక్కో అక్షరమే వెతికి కొడుతుంటే, ఆయన పక్కన స్టూలు మీద కూర్చుని, ఆమె వెతికే అక్షరం తనకు ముందు దొరికితే వేలితో చూపించాడు.

జవాబు పంపి, ఆమె వెనక్కి వాలింది. టీ అయిపోయింది. కోడలు చెయ్యూపి క్లినిక్‌కి వెళ్ళిపోయింది.

"ఇక కట్టేస్తాను. పదండి, అలా పార్కు దాకా నడిచొద్దాం. దారిలో నాలుగు మాటలు చెబుదురుగాని."

మామగారు కదల్లేదు. తెర వైపే చూస్తున్నాడు.

"కాస్త ఆగు," అన్నాడు. "ఆ పిల్లకి కోటు సరిపోయిందో లేదో తెలుసుకుని వెళదాం."